జపాను సైనికుల సాకే చషకములు

అరచేతిలో నిమిడిపోవు ఒక తెల్లని పింగాణి గిన్నె. వెడల్పు రెండు మూడంగుళములకు మించదు. లోతు మన పెండ్లి పందిళ్లలో త్రిప్పెడి చందనపు గిన్నె పాటిది. లోపల ఎఱ్ఱని సూర్యబింబము, దాని చుట్టును కిరణములు, ప్రక్కన విచ్చిన పువ్వొకటి, అంచున సన్నని బంగారు రేఖ. ఒకవైపున పైనుండి క్రిందికి వ్రాసిన నాలుగైదు అక్షరములు. తెలియనివారు చూచినచో బొమ్మల కొలువులో పెట్టెడి ఆటవస్తువని యనుకొందురు. జపాను సైన్యమున కొలువు ముగించుకొని ఇంటికి మరలిన సిపాయి తన బంధువులకును గ్రామస్థులకును పంచిపెట్టిన సురాచషకమది. ఇట్టివి జపానులోను, అమెరికా ఐరోపా ఖండములలోను సేకరించువారి అలమారులలో నేడు పెక్కు కలవు. రాజుల చరిత్రములు, సేనాపతుల జీవితములు వ్రాయువారు వీనిని అంతగా పట్టించుకొనరు. కాని 1894వ సంవత్సరము మొదలు 1945 వఱకు జపాను నడచిన యుద్ధమార్గము ఒక సామాన్య రైతు గడప నుండి చూచినచో ఎట్లుండెనో ఈ గిన్నెలు చెప్పినంత సూటిగా చెప్పు వస్తువులు తక్కువ.

సాకే యనగా బియ్యమును పులియబెట్టి చేసిన మద్యము. మన సారావలె బట్టీపై కాచినది కాదు. దానిని త్రాగెడి వెడల్పైన లోతులేని గిన్నెకు "సకాజుకి" అని పేరు. ఆ మాటలో మొదటి భాగము సాకే. రెండవది గిన్నెకు జపాను భాషలోని ప్రాచీన నామము. అచ్చట సాకే కేవలము మత్తుకొఱకు త్రాగునది కాదు. షింటో దేవాలయములలో అది నైవేద్యము. వివాహమున వధూవరులు మూడు చషకములను మార్చి మార్చి, ఒక్కొక్కదానిని మూడేసి గ్రుక్కలుగా పుచ్చుకొందురు. ఈ తంతునకు "సాన్ సాన్ కుదో" అని పేరు, అనగా మూడు మూళ్లు తొమ్మిది. ఒక పాత్రలోనిది ఇరువురు పంచుకొనినచో వారి నడుమ బంధమేర్పడినట్లే.

పూర్వము యోధులు దండయాత్రకు బయలుదేరునపుడును చషకము తప్పనిసరి. వారి ముందు మూడు పదార్థములను పెట్టెడివారు: దంచి యెండబెట్టిన ఒక సముద్రపు గుల్ల మాంసము, ఎండిన చెస్ట్‌నట్ కాయలు, కొంబు అను సముద్రపు పాచి. మొదటిదాని పేరులో "కొట్టుట" అను అర్థము, రెండవదానిలో "గెలుచుట", మూడవదానిలో "సంతోషించుట" అను క్రియయొక్క చివరి ధ్వని ఇమిడి యున్నవి. ఆ మూడింటిని వరుసగా కొఱికి, సాకే త్రాగి, గుఱ్ఱమెక్కెడివారు. మన పింగళి సూరన రాఘవపాండవీయమున శ్లేషను పద్యములో నిలిపెను. జపాను యోధులు దానిని పళ్లెములో పెట్టుకొని తినిరి. సైనిక చషకములపై బొమ్మలను చదువగోరువారు ఈ అలవాటును గుర్తుంచుకొనవలెను. ఆ దేశమున బొమ్మకు రూపము వలన ఒక అర్థమును, పేరు వలన మఱియొక అర్థమును ఉండుట సర్వసాధారణము.

ఆ రోజులలో కత్తిపట్టుట సమురాయి కులమునకే చెందిన హక్కు. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన నెలకొన్న పిదప ఆ హక్కు పోయెను. 1873 జనవరిలో నిర్బంధ సైనిక సేవా శాసనము అమలులోనికి వచ్చెను. ఇరువదియేండ్ల వయసు వచ్చిన ప్రతి యువకుడును పరీక్షకు నిలువవలెను. ఎన్నికైనచో మూడేండ్లు దండులో నుండవలెను. ఈ శాసనమునకు ముందు వెలువడిన ప్రకటనలో, ఫ్రెంచివారి మాట ననుసరించి, ఈ సేవను "రక్తపు పన్ను" అని వర్ణించిరి. పన్ను అన్న మాటను పల్లెవారు అలంకారముగా తీసికొనరు. ప్రభుత్వము నిజముగనే తమ బిడ్డల రక్తమును పిండి తీసికొనిపోవునని భయపడి 1873లో పెక్కు తావుల రైతులు తిరుగబడిరి. వారి భయమునకు నవ్వవచ్చును గాని, తరువాతి డెబ్బదియేండ్ల లెక్క చూచినవారికి ఆ నవ్వు నిలువదు. ఇంటికి వారసుడైనవానికి మొదట మినహాయింపు ఉండెను; 270 యెన్నులు చెల్లించినవారికిని ఉండెను. అనగా బీదరైతు ఇంటి రెండవ కొడుకో మూడవ కొడుకో దండునకు పోయెడివాడు. ఈ మినహాయింపులు 1889 నాటికి తొలగిపోయెను.

ఇట్లు పిలుపు వచ్చిన యువకుని గ్రామమంతయు గుడివద్దకు చేరి సాగనంపెడిది. అతని పేరు వ్రాసిన పొడవైన పతాకములు నిలిపెడివారు. బంధువులు, ఇరుగుపొరుగువారు కొంత సొమ్ము కాగితములో చుట్టి చేతిలో పెట్టెడివారు. దీనిని "సెంబెత్సు" అందురు. మన పెండ్లిండ్లలో చదివింపుల పద్దువలె, ఎవరెంత యిచ్చిరో ఆ ఇంటివారు పుస్తకములో వ్రాసి యుంచుకొనెడివారు. ఏలయన, జపానులో పుచ్చుకొన్న కానుకకు బదులు కానుక ఈయక తప్పదు. సుమారు సగము విలువగల వస్తువు నిచ్చుట మర్యాద. చావు కార్యమునకు తెచ్చిన సొమ్మునకును ఇదే నియమము. దండునకు పోయినవాడు ఈ ఋణమును ఎప్పుడు తీర్చవలెను? క్షేమముగా తిరిగివచ్చినపుడు. దేనితో తీర్చవలెను? చషకముతో.

ఈ గిన్నెలను యుద్ధచిహ్నములని యెంచి కొనువారు చాలమంది మఱచెడి విషయమిదియే. తుపాకి బొమ్మ యున్నను, ఫిరంగి బొమ్మ యున్నను, ఈ చషకము పద్దు పుస్తకములోని ఒక బాకీకి చెల్లుచీటి. దానిపై సాధారణముగా కనబడు మాటలు కొన్నియే. "జోతాయ్ కినెన్" అనగా దండు నుండి విడుదలయైన జ్ఞాపకార్థము. "మాన్‌కి కినెన్" అనగా గడువు నిండిన జ్ఞాపకార్థము. "గైసెన్ కినెన్" అనగా విజయముతో మరలిన జ్ఞాపకార్థము. ఆ ప్రక్కనే పటాలపు అంకె, తరచుగా సిపాయి ఇంటిపేరు. బొమ్మ అందఱికి నొకటే గాని పేరును అంకెయును అడిగినవాని కొఱకు ప్రత్యేకముగా చేర్చినవి. ఒక్కొక్కడు పదులకొలది గిన్నెలు చేయించుకొని ఇల్లిల్లు తిరిగి యిచ్చివచ్చెడివాడు. చషకము నిచ్చినవాడు బ్రదికి వచ్చినవాడు. రానివాని పేరుతో ఇట్టి గిన్నె ఉండదు.

పటాలపు అంకెను చదువుట నేర్చినచో ఊరును తెలిసికొనవచ్చును. జపాను పదాతి పటాలములు ఒక్కొక్కటి ఒక్కొక్క జిల్లానుండియే యువకులను చేర్చుకొనెడివి. 5వ పటాలము ఉత్తరమున అవొమోరి పట్టణముది. 1902 జనవరిలో ఆ పటాలపు దళమొకటి మంచుకాలపు శిక్షణకై హక్కోడా కొండలకు పోయి తుపానులో చిక్కెను. 210 మందిలో 199 మంది గడ్డకట్టి మరణించిరి. శత్రువన్నవాడే లేని చోట జరిగిన నష్టమది. 8వది ఒసాకా వర్తకుల ఊరి పటాలము. ప్రతి యుద్ధములోను ఓడిపోవునని పిల్లలు వీధులలో పాట కట్టి ఆ పటాలమును ఎగతాళి చేసెడివారు. ఆ ఎగతాళి న్యాయమైనది కాదని సైనిక చరిత్ర తెలిసినవారు అందురు. కాని పాట నిలిచినంతగా సవరణ నిలువదు. 5 అను అంకెగల గిన్నె చేతికి వచ్చినచో హక్కోడా మంచు గుర్తునకు రాకపోదు.

ఇక చిహ్నములు. అయిదు కోణముల నక్షత్రము పదాతి దళము మొదలుకొని భూసేన యంతటికిని గుర్తు. సిపాయి టోపీపై నుండెడిది అదియే. పదునారు కిరణములతో నడుమ సూర్యుడున్న పతాకము 1870లో భూసేనకు ఏర్పడినది. 1889లో నౌకాదళమును అదే రూపమును గ్రహించెను గాని అందలి సూర్యుడు నడుమ గాక కఱ్ఱవైపునకు జరిగి యుండును. గిన్నెపై సూర్యుడెచ్చట నున్నాడో చూచి ఇది దండువానిదా ఓడవానిదా యని చెప్పవచ్చును. ఆశ్వికుని గిన్నెపై గుఱ్ఱము, ఫిరంగిదళమువాని గిన్నెపై ఫిరంగి, తరువాతి కాలమున విమానము. విల్లు మీద వ్రాలిన బంగారు గ్రద్ద మఱియొకటి. ఆదిచక్రవర్తి జిమ్ము వింటిపై వ్రాలి తన కాంతితో శత్రువుల కన్నులు మిఱుమిట్లు గొలిపినదని వారి పురాణగాథ. ఆ గ్రద్ద పేర 1890లో పరాక్రమ పతకమొకటి నెలకొల్పిరి. కొన్ని గిన్నెలు పువ్వు రేకుల ఆకారమున నుండును. కొన్ని శిరస్త్రాణపు ఆకారముననే చేసినవి: త్రాగి బోర్లించినచో సిపాయి టోపీ పీటపై పెట్టినట్లుండును. సేకరించువారికి ఇవి మిక్కిలి ప్రియమైనవి. చూచుటకు వింతయే గాని, పేరు లేని శిరస్త్రాణపు గిన్నె కంటె పేరున్న సాదాగిన్నె ఎక్కువ మాటలాడును.

నౌకాదళపు గుర్తు లంగరును సకురా పువ్వును కలిసినది. తెలుగువారికి ఈ దళముతో ఒకనాటి పరిచయము కలదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసిన విమానములు ఈ లంగరు గుర్తు దళమువారి ఓడ నుండి లేచినవే.

పింగాణియే గాక లక్క చషకములును కలవు. జపాను లక్క మన ఏటికొప్పాక బొమ్మలకు పూసెడి లక్క కాదు. మనది పురుగు నుండి వచ్చును. వారిది "ఉరుషి" యను చెట్టుపాలు. ఎఱ్ఱని లక్కపై బంగారు పొడితో చిత్రించిన చషకములు ఎక్కువగా అధికారులకును, రాజమర్యాదలకును చెల్లినవి. పదునారు రేకుల చేమంతి ముద్ర యున్నచో అది చక్రవర్తి చిహ్నము. వీనికి ధర ఎక్కువ, కథ తక్కువ.

విజయపు చషకములు విరివిగా వెలసినది 1904-05 రుష్యా యుద్ధమునకు పిదప. ఆసియాఖండపు దేశమొకటి ఐరోపా సామ్రాజ్యమును ఓడించినదని భారతదేశమునను ఆనాడు సంతోషించిరి. కాని ఆ యుద్ధమున జపాను పక్షముననే ఎనుబదివేలకు పైగా ప్రాణములు పోయెను. పోర్ట్ ఆర్థర్ కోటను సాధించిన సేనాపతి నోగి ఇద్దఱు కుమారులను ఆ యుద్ధముననే పోగొట్టుకొనెను. జయభేరులతో మరలివచ్చిన పిదప ఆయన చీనా భాషలో ఒక పద్యము చెప్పెను. దాని విషయము విజయము కాదు, మృతుల తండ్రులకు ముఖము చూపలేని సిగ్గు. 1912లో మెయిజీ చక్రవర్తి అంత్యక్రియల దినమున ఆయనయు భార్యయు ఆత్మహత్య చేసికొనిరి. "గైసెన్ కినెన్" అని బంగారముతో వ్రాసిన గిన్నె పల్లెలో ఇంటింటికి చేరిన నాడు, ఆ ఇండ్లలో కొన్ని నోగి పద్యములోని తండ్రులవే. వారును ఆ చషకమును రెండు చేతులతో పుచ్చుకొని యుందురు.

చషకములపై తఱచుగా కనబడు పువ్వు సకురా. అయిదు రేకులు. వసంతమున చెట్టంతయు ఒకేసారి పూచి, కొలదిదినములలోనే, వాడిపోకమునుపే రాలిపోవును. పూలలో సకురా, మనుజులలో యోధుడు అని వారి సామెత. కాని ఆ పువ్వు ఆదినుండి మరణచిహ్నము కాదు. దానికి తొలి అర్థములు వసంతము, యౌవనము, వరినాట్ల కాలము, చెట్టుక్రింద కూర్చుండి త్రాగెడి సాకే. సిపాయి గిన్నెపై తొలి దశలో దానిని చూచిన రైతు మనసున మెదలినది ఇదియే కావలెను: వసంతము వచ్చినది, పిల్లవాడు వచ్చినాడు. రాలిపోవుట అను గుణమొక్కదానినే పట్టుకొని, చక్రవర్తి కొఱకు రాలుటయే అందమని పాఠములలోను పాటలలోను నూఱిపోసినది ఆధునిక ప్రభుత్వము. పదునెనిమిదవ శతాబ్దపు పండితుడు మొతోఓరి నొరినాగ ఉదయకాంతిలో కొండసకురాను వర్ణించి ఒక చిన్న పద్యము చెప్పెను. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్ దీవులలో ఏర్పడిన మొదటి ఆత్మాహుతి విమానదళములకు నాలుగింటికిని పేరులు ఆ పద్యములోని మాటల నుండియే తీసిరి. అందు చావు ప్రసక్తి లేదు. పువ్వు మాఱలేదు, దానికి వ్యాఖ్యానము మాఱెను. మూలమును విడిచి వ్యాఖ్యానము నడచిన చోట్లు మన వాఙ్మయమునను కలవు గాని, ఇంత వెల చెల్లించిన వ్యాఖ్యానము వేఱొకటి యుండదు.

ఆ విమానములు బయలుదేరునపుడును చషకము చేతికిచ్చెడివారు. అందులో తఱచు సాకే ఉండదు, నీరుండును. దీనిని "మిజు సకాజుకి", నీటి చషకము అందురు. మరల కలిసికొనుట యుండదని తెలిసిన వీడ్కోలుకు జపానులో పూర్వమునుండి వచ్చిన ఆచారమది.

స్త్రీలు చేసిన పని ఇందులకు భిన్నముగా నుండెను. వీథిలో పోవు వేయిమంది స్త్రీలచేత ఒక్కొక్క ముడి కుట్టించి నడుముగుడ్డ సిద్ధపఱచి సిపాయికి కట్టెడివారు. దానిపై పులి బొమ్మ కుట్టుట గలదు. ఏలయన పులి వేయి క్రోసులు పోయి వేయి క్రోసులు తిరిగివచ్చునని వారి నానుడి. అయిదు సెన్ల నాణెమును అందులో కుట్టెడివారు. జపాను భాషలో "నాలుగు సెన్లు" అనినను "మృత్యురేఖ" అనినను ఒకే ధ్వని. అయిదు సెన్లు దానిని దాటినవి. ఇచ్చటను శ్లేషయే. ప్రభుత్వపు శ్లేష రాలిపొమ్మనెను. తల్లి శ్లేష తిరిగి రమ్మనెను. విడుదల చషకము ఈ రెండవదాని పక్షము.

అయినను ఈ గిన్నెలన్నియు నిర్దోషములని చెప్పుట సత్యము కాదు. 1931లో జపాను సేన మంచూరియాను ఆక్రమించి, మఱుచటి యేడు అచ్చట మంచుకువో అను కీలుబొమ్మ రాజ్యమును నిలిపెను. అప్పటినుండి జపాను పతాకముతో ఆ రాజ్యపు అయిదురంగుల పతాకమును జతచేసి అడ్డముగా వేసిన చషకములు వచ్చెను. ఆ రంగులకు అయిదు జాతుల సామరస్యమని అర్థము చెప్పిరి. ఆ సామరస్యము ఎట్టిదో మంచూరియా రైతులకు తెలియును. 1937 డిసెంబరు తరువాత నాంకింగు పురవాసులకు ఇంకను బాగుగా తెలిసెను. అట్టి గిన్నెను చేతబట్టిన సంగ్రాహకుడు రంగుల పొందిక మెచ్చుకొని ఊరకున్నచో సగము చదివినవాడగును. అటులనే, గిన్నెపై పేరున్న యువకుని హంతకుడని తీర్పు చెప్పువాడును తొందరపడినవాడే. ఆ పేరు చెప్పునది ఒక్కటే: ఇతడు దండునకు పోయెను, తిరిగివచ్చెను, బాకీ తీర్చెను.

సేకరించువారికి పనికివచ్చు సంగతులు కొన్ని. పింగాణి మెఱుగునకు లోపల వేసిన నీలిరేఖ చెడదు. మెఱుగు మీద వేసి సన్నసెగలో కాల్చిన బంగారము, ఎఱుపు మాత్రము తోమిన కొలది పోవును. అందువలన అంచున బంగారము అరిగిన గిన్నెను దోషముగా నెంచరాదు. అది త్రాగిన పెదవుల గుర్తు. వీనికి గిరాకి పెరిగిన తరువాత నకళ్లు బయలుదేరినవి. భూతద్దముతో చూచినపుడు బొమ్మ చుక్కచుక్కలుగా విడిపోయినచో అది నేటి అచ్చుపని. అడుగు వలయమున ఒరపిడి లేక క్రొత్తగా నున్నదియు అనుమానింపదగినదే. అన్నిటికంటె ముఖ్యముగా, అక్షరములను చదివించుకొనక గిన్నె కొనువాడు దస్తావేజు చూడక భూమి కొన్నట్లు.

1937లో చీనాతో పెద్దయుద్ధము మొదలైన తరువాత విడుదలలు తగ్గెను. విడుదలయైనవారిని మరల పిలిచిరి. 1940 జూలైలో విలాసవస్తువుల తయారీని నిషేధించిరి. 1941లో లోహముల సేకరణకు శాసనము వచ్చి దేవాలయముల గంటలు కూడ కొలుములకు పోయెను. 1945లో ఓటమి కలిగిన పిదప అరువదిలక్షలకు మించి జపానీయులు, సిపాయిలును పౌరులును, పరదేశముల నుండి ఓడలపై మరలివచ్చిరి. దండే రద్దయినది గనుక పటాలపు అంకె వేసి గిన్నె చేయించు ఆచారము అంతటితో ఆగెను.

లోహము కఱవైన ఆ చివరి దినములలో పింగాణి ఆవములకు వేఱుపని అప్పగించిరి. అరిటా, సెటో వంటి ఊళ్ల కుమ్మరులు చేతిబాంబులకు మట్టితో గుండ్రని బుఱ్ఱలు చేసి కాల్చిరి. వానిని ఒకినావా మున్నగు దీవులలో వాడిరి. 1945లో ఆ ఆవములలోనే నాణెములును అచ్చొత్తిరి. అవి చెలామణిలోనికి రాకమున్నే యుద్ధము ముగిసెను, చాలభాగము పగులగొట్టిరి. మిగిలిపోయిన కొద్ది పింగాణి బిళ్లలు నేడు కొందఱు సంగ్రాహకుల అలమారులలో చషకముల ప్రక్కనే యున్నవి.